ఆరని వెన్నెల

తెల్లారి ఇంటికొచ్చిన చిత్రకారుడు కాన్వాసును గోడకు ఆనించాడు. ఏటి మీద నిండు వెన్నెల.

“రాత్రంతా ఒడ్డున కూర్చుని వేశా. ముట్టుకోకు, ఇంకా పచ్చిగా ఉంది,” అని స్నానానికి వెళ్ళాడు.

భార్య చందమామను వేలితో నొక్కింది. రంగు అంటలేదు. ఆయిల్ పెయింట్ ఆరడానికి రోజులు పడతాయని ఆమెకు నేర్పింది అతనే.

మరి రాత్రంతా ఎక్కడున్నట్టు? ఎవరితో?

అతను విప్పిన చొక్కా జేబు తడిమింది. ఒక ఈల, నైట్ వాచ్‌మన్ కార్డు దొరికాయి. కార్డు మీద ఫొటో మొగుడిదే. కుంచె తప్ప ఇంకోటి పట్టనని ఊరంతా చాటిన మనిషి!

స్నానాలగది తలుపు చప్పుడైంది. రెండూ జేబులో కుక్కేసి, రంగు ట్యూబు నొక్కి పొడి వేలికి గబగబా పూసుకుంది.

“ముట్టుకోవద్దన్నానా!”

“బుద్ధి గడ్డితిని ముట్టుకున్నా. చూడు, వేలంతా రంగే!”