పదిహేడో పోర్టు

ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే కొత్త నెట్‌వర్క్ స్విచ్ బిగించి, ఏ పోర్టు ఎవరి కంప్యూటరుదో కాగితం మీద రాసుకున్నాను. పదిహేడో పోర్టు ఒక్కటే ఎవరిదో తేలలేదు. దాని లైటు మాత్రం తెగ మిణుకుతోంది.

ఈ ఆఫీసుకు వైర్లు లాగింది మా ఆయనే. ఫోన్ చేసి అడిగాను.

"ఎప్పటి మాటో, గుర్తులేదు. దాని జోలికి పోకు. ముందు తిను, డబ్బా మూత కూడా తియ్యలేదు నువ్వు."

నా ఆకలి నాకంటే ముందు ఆయనకే తెలుస్తుందని మా అమ్మ మురిసిపోతుంటుంది.

ఎవరిదో తెలియని పోర్టుకు మా పనిలో ఒకటే మందు: ఆపేసి, ఎవరు గగ్గోలు పెడతారో చూడటం. ఆపేశాను. సేవ్ మాత్రం చేయలేదు; చేస్తే అది మూసే ఉండిపోతుంది. కొంప మునిగేలా ఉంటే స్విచ్‌ను ఒకసారి ఆపి, తిరిగి వేస్తే చాలు, పోర్టు మళ్లీ తెరుచుకుంటుంది.

గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆఫీసులో ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఐదో నిమిషంలో ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏం ముట్టుకున్నావ్? నువ్వు కనపడటం లేదు."

తలెత్తి చూశాను. నా బల్లకు సరిగ్గా పైన, పొగ పసిగట్టే డబ్బాలో చిన్న గాజు కన్ను.

ఫోన్ పెట్టేశాను. కాగితం మీద పదిహేడుకు ఎదురుగా ఆయన పేరు రాశాను. తర్వాత సేవ్ నొక్కాను.