రాయి గట్టిదని చెప్పేవాడు

నార్వే తీరంలో డిసెంబరు, మధ్యాహ్నానికే చీకటి. వంతెన కోసం సముద్రపు రాతిలోకి దించిన ఉక్కు గొట్టాన్ని యంత్రపు సుత్తితో కొట్టించి, తిరిగొచ్చే మోతనుబట్టి రాయి ఎంత బరువు మోస్తుందో సిగ్రిడ్ లెక్కగడుతోంది.

ఆమె భర్త ఐవిండ్ నిరుడు ఇక్కడే మునిగిపోయాడు. శవం దొరకలేదు. రాయి గట్టిదని తేలితే అతను గొట్టం మీద పానాతో మూడుసార్లు తట్టేవాడు.

దెబ్బకు ఒక్క మోతే రావాలి. వచ్చింది. తర్వాత అడుగు నుంచి, మెల్లగా, మూడు తట్లు.

"విన్నావా, స్టెయినార్?"

సుత్తి నడిపే స్టెయినార్ తల తిప్పుకున్నాడు. "రాయి భేషుగ్గా ఉందక్కా. సరేనను, కాంక్రీటు పోసేసి పోదాం. నా మీసం గడ్డకట్టింది."

పోస్తే గొట్టం ఇక మూగదే. ఎన్నడూ నష్టానికి పనిచేయని సిగ్రిడ్, పని ఆగితే నష్టం తనకేనని తెలిసీ, మొదటిసారి అబద్ధమాడింది.

"రాయి బాగాలేదు. ఇంకోసారి కొట్టు."

సుత్తి ఇంకా లేవనేలేదు. కింద నుంచి మూడు తట్లు, ఈసారి గట్టిగా.