కాపలా ఉందనుకున్న గుమ్మం

“డేటాబేస్ మళ్ళీ తిప్పికొట్టింది ఉస్తాద్. ఈ పేరుతో ఇంకో నియమం ఉందంటోంది,” అంది రువైదా.

నిదాల్ చెవి దగ్గర్నుంచి ఫోన్ తీయలేదు. “అమ్మా, షుగర్ లేదని నువ్వంటే సరిపోతుందా? క్లినిక్ కంప్యూటర్‌లో ఉందిగా. ఆ ప్రోగ్రాం రాసింది నీ కొడుకే. అన్నం తిన్నాక మాత్ర వేసుకో.” ఫోన్ పెట్టేసి నిట్టూర్చాడు. “పెద్దతనం, మతిమరుపు. ఊఁ, ఏమిటా నియమం?”

“ఇద్దరు రోగులకు ఒకే ఫైలు నంబరు రాకూడదని. ఫైళ్ళు కలిసిపోతున్నాయని నర్సు చెప్పింది. ‘ఫైలు నంబరు ఒక్కటే’ అని పేరు పెట్టాను.”

“అది రెండేళ్ళుగా ఉంది తల్లీ! జాబితాలో కనబడటం లేదూ? నీది తీసెయ్. మూడింటికల్లా ఇర్బిద్ నగరంలోని క్లినిక్‌లన్నిటికీ కొత్త ప్రోగ్రాం వెళ్ళాలి.”

రువైదా తీసెయ్యలేదు. యాలకుల కాఫీ చల్లారిపోతోంది.

“మా ఇంట్లో తాత పేరు ఐదుగురికి పెట్టారు ఉస్తాద్. ఖల్దూన్ అని కేకేస్తే ఎవడో ఒకడు పలుకుతాడు. మనకు కావలసినవాడేనా అన్నది వెళ్ళి చూస్తేగాని తెలియదు.”

“మీ ఖల్దూన్ల గోల నాకెందుకమ్మా?”

“వాళ్ళకు తండ్రి పేరు తగిలించినట్టు, నియమానికి దాని టేబుల్ పేరు, అంటే అది ఏ పట్టికదో ఆ పేరు తగిలించాలని మొదటినుంచీ అంటున్నాను. ఈ పాతది ఏ టేబుల్‌దో చూశారా?”

నిదాల్ తెర మీదికి వంగాడు. పాత నియమం ఉద్యోగుల ఫైళ్ళ టేబుల్‌ది. రోగుల టేబుల్‌కు ఏ నియమమూ లేదు. రెండేళ్ళుగా జాబితాలో పేరు చూసి అందరూ కాపలా ఉందనుకున్నారు. కాపలావాడు మాత్రం పక్కింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

రువైదా తన నియమానికి ‘రోగులు’ అని ముందు చేర్చి మళ్ళీ నడిపింది.

ఈసారి డేటాబేస్ పేరుకు అడ్డు చెప్పలేదు. వేరే మాట చెప్పింది: 40718 నంబరు ఇప్పటికే ఇద్దరికి ఉంది.

“ఎవరా ఇద్దరు?” అన్నాడు నిదాల్.

“ఒకావిడ సమీహా. షుగర్ రోగి, పదేళ్ళుగా. రెండో ఆవిడ...”

రెండో పేరు ఆమె చదవకముందే నిదాల్ ఫోన్ అందుకున్నాడు. అటువైపు మోగుతున్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

“అమ్మా... అన్నం తినేశావా? ఆ మాత్ర మింగకు.”