ఇర్మా మడత

"మీ ఇంటి అంచుకి ఊరూ పేరూ లేదేంటక్కా!" అంది డెల్ఫీనా, కిసుక్కున నవ్వి.

పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. దానికీ లోకువే!

ఎర్సీలియా పళ్ళు కొరికింది.

సాన్ జొవాన్ని పండగ. చర్చి ముందు బల్లలు వేసి ఊరంతా తోర్తెల్లి చుడుతోంది. లోపల ఆకుకూర, చీజు. చూపుకి బుల్లి కజ్జికాయ. ఆ లోయలో ఏ ఇంటి అంచు మడత ఆ ఇంటిదే. అన్నీ ఒకే గంగాళంలో ఉడికినా, కంచంలో పడ్డది ఎవరింటిదో మడతే చెబుతుంది.

ఎర్సీలియా ఒక్కతే అంచుని ఫోర్కుతో నొక్కేది.

తల్లి ఇర్మా మడతంటే లోయంతా పేరు. అడిగితే నేర్పుతానని తల్లి, నేర్పితే నేర్చుకుంటానని కూతురు. ఆ పంతం తెగకుండానే పోయిన చలికాలం ఆవిడ పార్మా పట్నంలో, ముసలివాళ్ళ ఆశ్రమంలో కన్నుమూసింది.

మధ్యాహ్నం బస్సు దిగిన టూరిస్టుల్లోంచి ఒకామె నేరుగా ఈ బల్ల దగ్గరికే వచ్చింది. భుజాన సంచీ, మాటలో పరాయి యాస.

"ఎర్సీలియా గారంటే మీరేనా? చేతులు కడుక్కునే వచ్చాను. నన్నూ కాసిని చుట్టనివ్వండమ్మా. వచ్చిన పని తర్వాత చెబుతాను."

"చుట్టు. చినిగినవి నువ్వే తినాలి."

ఒక్కటీ చినగలేదు. జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి.

"అబ్బ, ఏం వేళ్ళండీ! అక్కా, ఇటు చూడు!" అంది డెల్ఫీనా.

ఎర్సీలియా చూడలేదు. పొయ్యి కన్నా ఆమె కడుపే ఎక్కువ మండుతోంది. పుట్టి బుద్ధెరిగిన బల్ల దగ్గర తనకి దక్కని మెప్పు, దారిన పోయేదానికా?

"చాల్లే ఇక. తినేవాళ్ళు అటు, వండేవాళ్ళు ఇటు."

"అమ్మా, ఒక్కసారి ఆ అంచు..."

"అంచులు మాకు నువ్వు నేర్పుతావా?"

చుట్టినవన్నీ గుడ్డతో సహా ఎత్తి, మొహం తిప్పుకుని, మరిగే నీళ్ళలోకి దులిపేసింది.

వచ్చినామె చేతుల పిండి తుడుచుకుని సంచీ తీసుకుంది. మనసాగక డెల్ఫీనా బస్సుదాకా వెంట వెళ్ళింది.

బల్ల చివర కంచం ముందు కూచున్న ఊరి పెద్దాయన ఒరెస్తే తాతకి చూపు ఆనదు. వెన్న బాగా పోయించుకుని, ఒకటి నోట్లో పెట్టుకుని, నాలుకతో అంచంతా తడిమాడు. ఆగాడు. ఇంకోటి పెట్టుకున్నాడు.

"ఓసి గడుసుదానా! రాదు రాదని ఇన్నాళ్ళూ బుకాయించావు గదే. ఇది అచ్చం మీ అమ్మ మడత!"

ఎర్సీలియా కంచం లాక్కుంది. అడుగున కరిగిన వెన్న తప్ప ఏమీ లేదు. గంగాళంలో గరిటె తిప్పింది. వట్టి నీళ్ళు. అన్నీ అప్పటికే జనం కంచాల్లో ఖాళీ అయ్యాయి.

కొండ మలుపులో బస్సు హారన్ వినిపించింది. డెల్ఫీనా ఒగరుస్తూ తిరిగొచ్చింది.

"ఆవిడ టూరిస్టు కాదటక్కా. ఆశ్రమంలో మీ అమ్మకి తినిపించిన ఆయా అట. 'నా కూతురు మొండిది, చచ్చినా అడగదు, నువ్వే వెళ్ళి నేర్పిరా' అని పోయేముందు మీ అమ్మే దగ్గర కూచోబెట్టుకుని ఆ మడత ఆవిడ వేళ్ళకి పట్టించిందట."