నలభై తొమ్మిదిన్నర

అమెరికాలోని నేపర్‌విల్ వాస్తవ్యులు, శస్త్రచికిత్సలో సవ్యసాచి అని పేరుపడ్డ డాక్టర్ వాసుదేవరావుగారికి 1983 మార్చిలో లాయరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

చట్టం మారిందట. భార్యాభర్తల్లో ఒకరి నుంచి మరొకరికి ఎంత ఆస్తి సంక్రమించినా ఇక పన్ను లేదట. అయితే వీలునామాలా రాసిపెట్టుకున్న పాత ట్రస్టుల్లో పాత షరతులే ఉన్నాయి గనక, వాటిని తిరగరాయించుకోవడం మంచిదట.

పన్ను సంగతి డాక్టరుగారు ఒక్కసారి చదివారు. తిరగరాయించుకోవడమన్న మాటను మూడుసార్లు చదివారు.

ఎనిమిదేళ్ళుగా ఆయన గుండెలో దిగిన ముల్లు ఆ ట్రస్టు కాగితాల కట్టలోనే, పదకొండో పేజీలో ఉంది.

ఒకే ప్రమాదంలో మీరిద్దరూ పోతే ఏడాది పాప ఉషను పెంచేదెవరని 1975లో లాయరు అడిగాడు. డాక్టరుగారు గంభీరంగా గడ్డం నిమురుకుంటూండగానే భార్య పద్మిని చెప్పేసింది, పడమటి తీరంలో బాతెల్ అనే ఊళ్ళో ఉంటున్న యోగానంద్ గారని. సరిగ్గా అప్పుడే పేజర్ మోగింది. హాస్పిటల్ పిలుస్తోంది, కలం చేతిలోనే ఉంది. సంతకం పడిపోయింది.

ఈ యోగానంద్ ఎవరయ్యా అంటే, వాసుదేవరావుగారికి రెండు నెలల ముందు పద్మినిని పెళ్ళిచూపుల్లో చూసి వెళ్ళినవాడు.

ఇంతకంటే చిన్న కారణాలకు రాజ్యాలు కూలాయి.

అది చాలదన్నట్టు ఏటా ఏప్రిల్‌లో అతని నుంచి పద్మినికి ఒక కార్డు వచ్చేది. ఆమె జవాబు రాసేది. నిరుడు ఆ జవాబు డైనింగ్ టేబుల్ మీద బాహాటంగా పడి ఉండగా డాక్టరుగారు చూశారు.

"నలభై తొమ్మిదిన్నర. అందరం క్షేమం."

ఏమిటిది? సంకేతమా? విరహతాపానికి కొలమానమా? కడుపులు కోసి లోపలి గుట్టు బయటపెట్టే ఆ మేధావికి ఈ అంకె మాత్రం కొరుకుడు పడలేదు. అడిగితే తెలిసేది. అడగడం ఆయన హోదాకు తక్కువ.

అందుచేత, లాయరు ఉత్తరం వచ్చిన ఆదివారమే యుద్ధం ప్రకటించారు.

"ట్రస్ట్ అప్‌డేట్ చేయిస్తున్నాను. గార్డియన్‌గా మన రామమోహన్ పేరు పెడదాం."

"మారింది టాక్స్ లా కదండీ. గార్డియన్ ఎందుకు మారాలి?"

"పాతవన్నీ ఒకేసారి పోతే మంచిది. అయినా నీకు ఆ మనిషి మీద అంత నమ్మకమేమిటి?"

"పెళ్ళిచూపుల్లో నిజం చెప్పింది ఆయనొక్కరే. తన ఉద్యోగం పర్మనెంట్ కాదని, ఆ సంగతి వాళ్ళవాళ్ళు దాచారని మా నాన్నగారికి చెప్పి లేచి వెళ్ళిపోయారు."

"మరి నేనేం చెప్పాను?"

"టెన్నిస్ ఆడతానన్నారు."

డాక్టరుగారు ఇడ్లీని చట్నీలో ముంచి ఊపిరాడకుండా చేశారు.

పద్మిని వాదించలేదు. ఆయనకు మీరే ఫోన్ చేసి మర్యాదగా చెప్పండని మాత్రం అడిగింది. లాయరు లెటర్ పంపుతాడులే అన్నారు డాక్టరుగారు. లెటర్ వెళ్ళింది. పదకొండో పేజీ నిష్కంటకమైంది.

ఆ విజయం మూడు వారాలు నిలిచింది.

"బ్రదర్, ఏమనుకోకు," అన్నాడు రామమోహన్ ఫోన్‌లో. "ఊరికే పేరు రాసుకుంటావనుకున్నా. ఇదేంటి, లాయరు సైన్ చేయమంటున్నాడు? మా రేణు వద్దంటోంది. మాకే ఇద్దరు మగపిల్లలు."

తరువాత మరో స్నేహితుడు శ్యామ్‌సుందర్‌ను అడిగారు. అతను కొత్త ఇంటి మాట ఎత్తాడు. రాధాకృష్ణను అడిగారు. అతను జాతకం చూపించి చెబుతానని, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. దీపావళికి ఎనభైమంది భోంచేసి వెళ్ళే ఆ ఇంటికి, ఒక్క ఆడపిల్లను అప్పగించి పోదగిన మనిషి దొరకలేదు.

డాక్టరుగారు అహాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళారు. పాత పేరే మళ్ళీ రాయమన్నారు.

వీలుకాదన్నాడు లాయరు. లెటర్ అందిన మర్నాడే యోగానంద్ తప్పుకుంటున్నట్టు సంతకం చేసి పంపాడట. గార్డియన్ అమెరికాలోనే ఉండాలని ఇన్నేళ్ళూ కాదనుకుంటూ వచ్చిన మలేషియా ఉద్యోగంలో ఇప్పుడు చేరిపోయాడట. బాతెల్‌లో ఇల్లు కూడా అమ్మేశాడట.

ఇంకో సంగతి, అంటూ లాయరు ఒక పల్చటి ఫైలు ముందుకు తోశాడు. యోగానంద్ ప్రతి మే నెలలోనూ ఒక కాగితం పంపేవాడు, మేమెవరమూ అడగలేదు, మీ దేశపు ఆచారమేమో అనుకున్నాం, అన్నాడు.

వాసుదేవరావుగారు ఫైలు తెరిచారు. మన దగ్గర పెన్షనుదార్లు ఏటా తాము బతికే ఉన్నామని ట్రెజరీకి రాసిచ్చినట్టు, ఎనిమిది కాగితాలు. గార్డియన్ సజీవుడు. ఆరోగ్యవంతుడు. ఇంటికి బడి రెండు వీధుల దూరం. ఇక్కడ వాన ఎక్కువ, అందుకు తగిన ఏర్పాటు జరిగింది, ఫోటో జతపరచడమైనది.

ఎనిమిది ఫోటోల్లోనూ అదే గుమ్మం, అదే కొక్కెం. దానికి వేలాడుతున్న పసుపుపచ్చ పిల్లల రెయిన్‌కోటు మాత్రం ఏటికేడు కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. చివరి ఫోటో వెనక పెన్సిలుతో "ఉష ఎత్తు, అంగుళాల్లో: నలభై తొమ్మిదిన్నర" అని రాసి ఉంది.