వాసన రాని గ్యాసు

రుక్కమ్మ గచ్చిబౌలిలో ఒక కంపెనీ క్యాంటీన్లో వంట చేస్తుంది. పైపులో వచ్చే గ్యాసుకు వాసన ఉండటం లేదని రెండు రోజుల్లో మూడుసార్లు గ్యాసు ఆఫీసుకు ఫోన్ చేసింది. వాసన రాకపోతే మంచిదే కదా అని అక్కడివాళ్లు నవ్వి ఫోన్ పెట్టేశారు. నాలుగోసారి గొంతు పెంచాక మెకానిక్ మొగిలిని పంపారు.

అతను విసుగ్గానే వచ్చాడు. "పొయ్యి మండుతుందా అక్కా?"

"మండుతుంది."

"మరేంది నీ పరేషాన్? వాసనొస్తే ఫోన్ చేస్తరు గానీ, రాకుంటే ఎవలన్న చేస్తరా?"

"ఆరేండ్ల సంది ఈ పొయ్యి కాడనే ఉన్న తమ్మీ. అంటుపెట్టేటప్పుడు జరంత కంపు ముక్కుకు తగులుతుండె. ఇప్పుడు అసలే లేదు. ఎవ్వలికి చెప్పినా పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నరు. నువ్వన్న ఒక్కసారి చూడు."

ఆమె నోరు మూయించడానికే మొగిలి కిటికీలు తెరిచి, వెలిగించకుండా నాబ్ కొంచెం తిప్పాడు. చేతిలోని గ్యాసు పసిగట్టే మీటరు వెంటనే కీచుమంది. వంగి వాసన చూశాడు. ఏమీ లేదు.

గబుక్కున నాబ్ కట్టేసి ఆఫీసుకు ఫోన్ చేశాడు. "సార్, గ్యాసుల వాసన మందు కలుస్తలేదు. గ్యాసుకు సొంతంగ వాసనుండదు కద. ఎక్కడన్న లీకైతే ఎట్ల?"

ఫోను స్పీకర్లో ఆఫీసరు కసురుకున్నాడు. "ఏం మాట్లాడుతున్నవ్ మొగిలీ? లైను బ్రహ్మాండంగా ఉంది. రెండు రోజుల నుంచి ఒక్క లీకు కంప్లైంట్ కూడా రాలేదు."

రుక్కమ్మ మొగిలి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఎట్లొస్తది సారూ?" అని అరిచింది.