సగం నొక్కు

“ఈయేళైనా ఆ తువ్వాలు తియ్యండి మాస్టారూ!” అన్నాడు దాసు, మెడలో డ్రమ్ము సర్దుకుంటూ.

“తియ్యను. సెవులున్నాయి కదా నీకు? ఇని నేర్సుకో,” అన్నాడు పరదేశి.

చోడవరం బజారులో పెళ్ళి ఊరేగింపు బయల్దేరబోతోంది. పరదేశి తన బాకా, అదే కార్నెట్టు, మీద తువ్వాలు కప్పి, దాని కింద మీటల మీదికి కుడిచెయ్యి దూర్చాడు. ఎప్పుడూ అంతే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కలకత్తా హోటల్లో నల్ల అమెరికా వాళ్ళ పక్కన కూర్చుని జాజ్ నేర్చుకొచ్చిన మనిషి. అమెరికాలో పాతకాలం జాజ్ ఉద్దండులు పాట ఎవడూ కాజెయ్యకుండా వేళ్ళ మీద రుమాలు కప్పుకునేవారట. తనదీ ఆ ఆచారమే అంటాడు. కాగితం మీద లేని ఆ పాటలు తనతో మట్టిలో కలిసిపోకూడదని దాసుకి నేర్పుతున్నాడు. ఇంట్లో కూడా చేతికి తువ్వాలు చుట్టుకునే, తన కార్నెట్టే వాడి నోటికిచ్చి ఊదిస్తాడు. వాడికి అన్నీ వచ్చాయి, ఒక్క జారుడు తప్ప. స్వరం పైనుంచి మూలుగుతూ కిందికి జారుతుందే, అది. అది లేకపోతే జాజ్ లేదు, ఉత్త పెళ్ళిబ్యాండే.

“ఈ ఏడు దాటితే నాకు దమ్ముండదురా. ఇంటూ ఉండు, వస్తాది.”

“రాదు! మీ ఏళ్ళు సూడందే రాదు. దాన్ని మీతో గోతిలోకి అట్టుకుపోదామనే మీ ఏషం!”

దాసుకి కడుపు మండిపోయింది. ముసలాడు ఒట్టి పిసినారి. పెళ్ళి భోజనాల్లో పంక్తిలో కూడా కూర్చోడు, ఆకులో మూట కట్టించుకుని ఇంటికి పోతాడు.

ఊరేగింపు కదిలింది. పరదేశి ఎత్తుకున్నది అమెరికాలో శవాన్ని పూడ్చి తిరిగొచ్చేటప్పుడు వాయించే హుషారు పాట. పెళ్ళివారికి ఆ సంగతి చెప్పలేదు లెండి. కుర్రాళ్ళు చిందులేస్తున్నారు. పెళ్ళికొడుకు తండ్రి, బెల్లం వర్తకుడు సత్యారావు, చేత్తో తాళం వేస్తూ “మళ్ళీ! మళ్ళీ!” అని ఒకటే కేకలు. జారుడు రానే వచ్చింది. దాసు ఇంక ఆగలేకపోయాడు. డ్రమ్ము పుల్లలు పడేసి, ఒక్క ఊపున తువ్వాలు లాగేశాడు.

మీటల మీద మూడు మొండి వేళ్ళు. కణుపుల దాకా అరిగిపోయి ఉన్నాయి.

“అమ్మో! పెద్దరోగం! కుష్టు!” అని కెవ్వుమంది ఎవరో ఆడమనిషి.

అంతే. చిందులేసిన కాళ్ళే వెనక్కి ఉరికాయి. “మా పెళ్ళిలో ఊదడానికి నీకెన్ని గుండెల్రా!” అంటూ సత్యారావు రోడ్డు పక్క కంకర కుప్పలోంచి మొదటి రాయి తీశాడు. ఇప్పటిదాకా తాళం వేసిన చెయ్యే అది. కార్నెట్టు కిందపడింది. పరదేశి తలకి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

“ఈడు నీ శిష్యుడే కదా? ఈడికీ అంటించేవా?” అన్నాడొకడు దాసు వైపు రాయి ఎత్తి.

“లేదు బాబూ! ఆడు ఉత్త డ్రమ్మోడు!” అని అరిచాడు పరదేశి. నెత్తురు కంట్లోకి కారుతోంది. “నా బాకా ఆడెప్పుడూ నోట ఎట్టలేదు. నాను ఆడికి ఏటీ నేర్పలేదు, ఒట్టు! ఆణ్ణి ఒగ్గేయండి!”

జనం నమ్మారు. దాసుని వదిలి, ముసలాణ్ణి ఊరవతలికి తరుముతూ పోయారు.

దాసు ఏడవాలి. కానీ వాడి కళ్ళముందు ఆ మొండి వేళ్ళే ఆడుతున్నాయి. స్పర్శ లేదు, బలం లేదు. ఆ వేళ్ళకి మీట అడుగుదాకా ఎక్కడ దిగుతుంది? సగంలో ఆగిపోతుంది. సగం! ఇన్నాళ్ళూ తను గట్టి వేళ్ళతో నిండా నొక్కి చచ్చాడు.

కార్నెట్టు తీసి, దుమ్ము తుడిచి, మీటలు సగానికి నొక్కి ఊదాడు.

జారింది! అచ్చం మాస్టారిదే. మూలిగింది, ఏడ్చింది, బజారంతా పాకింది. దాసు ఆనందం పట్టలేక కళ్ళు మూసుకుని మళ్ళీ ఊదాడు, మాస్టారికి వినబడాలని ఇంకా గట్టిగా.

“వద్దురా దాసూ!” అని దూరం నుంచి కేక.

దాసు కళ్ళు తెరిచేసరికి, జనం పరదేశిని వదిలేసి ఇటు తిరిగారు. రాళ్ళు చేతుల్లోనే ఉన్నాయి.